నేనే కదిలాను

2011 ఏప్రిల్ 17, ఆదివారం

ఎండ దిగాక మా ఆయన డాబా మీదికి రమ్మన్నారు. ఎయిర్ రైఫిల్ తెచ్చుకున్నారు. నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తను వెనక కూర్చుని, గొట్టం నా ఎడమ భుజం మీద ఆనించారు. మెత్తగా ఉంటుందని పాత తువాలు మడిచి వేశారు. చెవుల్లో దూది. ఎదురుగా నీళ్ళ ట్యాంకు గోడ మీద సున్నంతో గీసిన గుండ్రం.

"ఊపిరి బిగబట్టు తారా. నేను కాల్చినంక వదులు."

పక్కింటి కౌసల్యమ్మ గారు ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వాళ్ళ డాబా ఎక్కి, మమ్మల్ని చూసి, బట్టలు తీగ మీదే వదిలేసి దిగిపోయారు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే గురి పోతుందని కోప్పడ్డారు.

ఇన్నేళ్ళు క్లబ్బులో నిలబడే కాల్చారు కదా, ఇప్పుడు నా భుజం ఎందుకని అడిగాను. నమీబియాలో వేటకి వెళ్ళే చోట గడ్డి చాటున కింద కూర్చుని కాల్చాలట, మూడుకాళ్ళ కర్ర అన్నిచోట్లా పనికి రాదట. సరే అన్నాను. ఆయన గుండె నా వీపుకి తెలుస్తూ ఉంది. పెళ్ళయి ఇన్నేళ్ళకి, నాచారం డాబా మీద, ఇదేం సరసమో.

ఏప్రిల్ 24

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా అమ్మాయి కావ్య వాళ్ళ నాన్నతో వాదన పెట్టుకుంది. ఒక జంతువుని చంపడానికి నమీబియా దాకా వెళ్ళాలా, ఫోటోలు తీసుకొస్తే చాలదా అని. నిజానికి ఆ ప్రశ్న నాది. అడిగే ధైర్యం దానికి ఉంది.

ఆయన పప్పన్నం కలుపుతూ చెప్పారు. వాళ్ళ ఊళ్ళో దొర శికారుకి వెళ్తే హాకాకి మామయ్య వెళ్ళేవారు. డప్పులు, రేకు డబ్బాలు వాయించుకుంటూ, అరుచుకుంటూ అడవికి అవతలి వైపు నుంచి జంతువుల్ని తోలుకురావాలి. ఇటు మంచె మీద దొర, చేతిలో తుపాకి.

"మా నాయన పానమంత తోలుడుకే పోయింది. ఒక్కసారన్న తుపాకి మా ఇంటోళ్ళ చేతుల ఉండాలె. గంతే."

అత్తమ్మ ఆ మాట వింటూనే లేచి చెయ్యి కడుక్కుంది.

అవకాశం దానంతటదే వచ్చింది. ఆయన చిన్నప్పటి స్నేహితుడు రామకృష్ణ అక్కడ బోర్లు వేస్తాడు. ఎక్కడ తవ్వినా నీళ్ళు పడని ఒక ఫారంలో నీళ్ళు పడేలా చేశాడట. ఫారం యజమాని సంతోషపడి, నీకేం కావాలో అడుగు అంటే, మా ఉపేందర్‌కి ఒక వేట ఇవ్వండి అని అడిగాడట. అంత ప్రేమగా అడిగి పెట్టిన వేటకి, చేపలు కూడా తినని దాన్నయినా, నేను రానని ఎలా అంటాను.

మే 11

టీ కప్పు నిండా పోయొద్దన్నారు. సగమే పోయమన్నారు. రెండోసారి అడిగి పోయించుకున్నారు.

నిద్ర సరిగ్గా ఉండటం లేదు ఆయనకి. యాభై దాటింది. ఆఫీసులో కళ్ళకి అద్దం తగిలించుకుని చిన్న చిన్న మీటర్లు బాగుచేసే పని, చేతులు అలిసిపోవూ. అంతే అయి ఉంటుంది.

జూన్ 7, హాన్స్ గారి ఫారం

ఇక్కడ చలికాలం. పొద్దున బయట బకెట్లో నీళ్ళ మీద పలుచని మంచు పెంకు కట్టింది. మట్టి మన చెలకల్లాగే ఎర్రగా ఉంది. చెట్లన్నీ మన తుమ్మకి చుట్టాలే. ఆకు పట్టుకుని చూస్తే కాలేజీలో బోటనీ క్లాసులో నేను పిల్లలకి చూపించే ఆకే. ముల్లు మాత్రం వేలంత.

ఫారం యజమాని హాన్స్ అరవై దాటిన మనిషి, తాతల నాడు జర్మనీ నుంచి వచ్చిన కుటుంబం. జాడ తీసేవాడి పేరు పెట్రుస్. సాయంత్రం భోజనాల దగ్గర హాన్స్ ఇక్కడి పద్ధతి చెప్పాడు. ఒక్క మగ కుడు. కుడు అంటే మన కణుజు లాంటిదే, ఇంకా ఎత్తు, కొమ్ములు మెలికలు తిరిగి పైకి పోతాయి. ఒకసారి రక్తం చిందితే అది మీదే, దొరికినా దొరక్కపోయినా మీ వేట అయిపోయినట్టే. రెండో గుండు ఇంకో జంతువు మీద ఉండదు.

నా భుజం సంగతి విని వద్దన్నాడు. అది పెద్ద తుపాకి, చెవి పోతుంది, కర్రలున్నాయి, పెట్రుస్ పట్టుకుంటాడు అన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. మా ఆవిడ భుజమైతేనే నాకు అలవాటు అన్నారు ఇంగ్లీషులో. రామకృష్ణ పడీపడీ నవ్వాడు.

"మస్తు అదృష్టం నీది తారమ్మా. మా ఇంటామె నన్ను భుజం మీద చెయ్యి గూడ ఎయ్యనియ్యది."

ఆ మాట నాకు బాగుంది. నా భుజమైతేనే అన్నమాట. సిగ్గు లేకుండా రాసుకుంటున్నాను, చాలా బాగుంది.

జూన్ 9

రాయాలి. రేపటికి ఇంకోలా అనిపిస్తుందేమో, ఇవాళే రాయాలి.

పొద్దు పొడవక ముందే బయల్దేరాం. హాన్స్ చిన్న సంచిలో బూడిద పెట్టుకుని నడుస్తూ నడుస్తూ విదిలిస్తాడు, అది ఎటు పోతే గాలి అటు. మాటలు లేవు. ముళ్ళు బట్టలకి పట్టుకుంటే ఆగి మెల్లగా విడిపించుకోవడం, మళ్ళీ నడవడం. ఒకచోట పెట్రుస్ అరచెయ్యి కిందికి చూపించాడు. అందరం కూర్చున్నాం.

అది తుమ్మల్లోంచి బయటికి వచ్చింది. బూడిదరంగు ఒంటి మీద తెల్లటి సన్నని చారలు. చెవులు పెద్దవి, వాటిలో ఎండ పడి లోపలి రక్తం గులాబీగా కనిపించింది. దాన్ని చూస్తూ ఉండిపోయాను. చంపడానికి వచ్చామన్న సంగతి కాసేపు నిజంగానే మర్చిపోయాను.

తువాలు, దాని మీద గొట్టం. బరువు. ఆయన ఊపిరి నా మెడ మీద. నేను ఊపిరి బిగబట్టాను.

అప్పుడు తెలిసింది. గొట్టం నా భుజపుటెముక మీద కొట్టుకుంటోంది. చిన్నగా, ఆగకుండా, కుట్టుమిషన్ సూది బట్ట మీద ఆడినట్టు. మొదట నా గుండె అనుకున్నాను. కాదు. నాది కాదు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని నొక్కిపట్టాను, నేను కదలకూడదని. రాయిలా కూర్చున్నాను. అది ఒక్కటి నాకు తెలుసు.

పేలింది. ఎడమ చెవిలో లోకమంతా ఒక్క సన్నని కూత అయిపోయింది. కుడు నడుము వంచి, లోపలికి ముడుచుకున్నట్టయి, ముళ్ళల్లోకి పోయింది. కింద తగిలింది, పొట్టలో, అన్నాడు హాన్స్. కోపంగా అనలేదు. ఏమైంది అని అడిగాడు.

ఆయన నా వంక చూడలేదు. ఆమె కదిలింది అన్నారు ఇంగ్లీషులో. తర్వాత నాతో, మన భాషలో, మెల్లగా:

"కదిలినవ్ తారా."

అందరూ నన్నే చూస్తున్నారు. నేను ఆయన చెయ్యి చూస్తున్నాను. కుడిచేతి మణికట్టుని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నారు, తప్పిపోయే పిల్లాడిని జాతరలో పట్టుకున్నట్టు.

"అవును," అన్నాను. "నేనే కదిలాను. నన్ను క్షమించండి."

సాయంత్రం దాకా జాడ వెంట నడిచాం. గడ్డి మీద రక్తం, రక్తంలో నమిలిన ఆకు తునకలు. ఏ చెట్టు ఆకో కూడా గుర్తు పట్టగలిగాను. చీకటి పడింది. దొరకలేదు.

జూన్ 10

రాబందులు దిగిన చోట దొరికింది. నక్కలు వెనక నుంచి మొదలుపెట్టాయి. చచ్చాక మొదలుపెట్టాయో, ముందే మొదలుపెట్టాయో హాన్స్ చెప్పలేదు. నేను అడగలేదు.

ఫోటో వద్దన్నారు ఆయన. దూరంగా నిలబడి అటే చూస్తూ ఉన్నారు. రామకృష్ణ నా దగ్గరికి వచ్చి, ఫికర్ చెయ్యకమ్మా, మొదటిసారి ఎవరైనా కదుల్తరు అన్నాడు. తల ఊపాను.

జూన్ 11

నేను కదల్లేదు.

జూన్ 14, నాచారం

ఇంటికి వచ్చేశాం. అత్తమ్మకి, కావ్యకి ఆయనే చెప్పారు, మీ అమ్మ కదిలింది అని. కావ్య నా మెడ చుట్టూ చేతులు వేసి, మంచి పని చేశావమ్మా అంది. అది కావాలని కదిలాననుకుంటోంది. దాని దృష్టిలో నేను ఒక జంతువుని కాపాడబోయిన దాన్ని.

ఎందుకన్నాను ఆ మాట? నేను కాకపోతే ఇంక ఆ చెయ్యే. ఆ చెయ్యి సంగతి ఆయనకి తెలియదు. చేతుల మీదే బతికిన మనిషి. నాన్న పేరు చెప్పుకుని అంత దూరం వెళ్ళిన మనిషి. తెలియనంత కాలం తెలియకుండా ఉండనీ. నా మీద పడితే ఏం పోయింది, నేనేమన్నా గురి చూసి బతికేదాన్నా.

జూన్ 26

ఆఫీసు నుంచి దుర్గేష్ వచ్చాడు. మల్లాపూర్‌లో ఉంటాడు, ఆయన కింద పని నేర్చుకున్నవాడు, అన్నా అన్నా అని తిరుగుతాడు. మిరపకాయ బజ్జీలు వేశాను. కథ మొదలైంది. ఆయన బాగా చెబుతారు. బూడిద సంచి, చెవుల్లో ఎండ, అన్నీ. అక్కడికి వచ్చేసరికి ఆగి, నా వైపు చెయ్యి చూపించారు.

"క్లాసుల పిల్లగాండ్లను కదలకున్రి అని బెదిరిస్తవు గద వదినా," అన్నాడు దుర్గేష్, "నువ్వేంది గట్ల కదిల్తివి?"

అందరం నవ్వాం. ఏదో ముల్లు గుచ్చుకున్నట్టుంది పాపం అన్నారు ఆయన, నన్ను కాపాడుతున్నట్టు. అవును, ముల్లే అన్నాను.

జూలై 15

కౌసల్యమ్మ గారికి కూడా తెలిసింది. కూరగాయల బండి దగ్గర ముల్లు గురించి అడిగారు.

ఆగస్టు 21

నిజంగా కదల్లేదా నేను?

ఇన్నిసార్లు చెప్పాక, ఇన్నిసార్లు విన్నాక, ఆ ముల్లు నాకు కళ్ళకి కడుతోంది. ఎడమ తొడ మీద, మోకాలికి కొంచెం పైన. ఇవాళ స్నానానికి వెళ్ళినప్పుడు ఆ చోట మచ్చ ఉందేమోనని వెతుక్కున్నాను. వెతికాక, నేనేం చేస్తున్నానో అర్థమై స్టూలు మీద కూర్చుండిపోయాను.

తర్వాత డాబా ఎక్కి, భుజం మీద బూజుకర్ర పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూశాను. కర్ర కొద్దిగా ఆడింది. ఎవరి ఒళ్ళయినా ఆ మాత్రం ఆడుతుంది. మరి ఆ రోజు? కుట్టుమిషన్ లాంటి ఆ కదలిక నాదే అయితే? జూన్ 9 పేజీ తీసి చదువుకున్నాను. రాయిలా కూర్చున్నాను అని రాసి ఉంది. రాసింది కూడా నేనే కదా.

ఆయన కుడిచెయ్యి ఇప్పుడు ఎక్కువగా జేబులోనే ఉంటోంది.

సెప్టెంబర్ 22

సమ్మె. బస్సుల్లేవు, కాలేజీ లేదు. హబ్సిగూడ దాకా రోడ్డు ఖాళీగా ఉందట. ఆయన నడిచే ఆఫీసుకి వెళ్ళారు.

అత్తమ్మా, నేనూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. నేనేమీ అడగలేదు. తనే మొదలుపెట్టింది. మాటల్లో వచ్చిందో, నాకు చెప్పాలనే చెప్పిందో. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

దొర గురి తప్పితే ఊరంతా నవ్వుతుంది. నవ్వకూడదు. అందుకని హాకాకి పోయినవాళ్ళల్లో ఎవరో ఒకరు ముందుకు రావాలి. నేనే కదిలిన దొరా, నన్ను జూసి బెదిరింది, అనాలి. అన్నవాడికి ఆ పూట మాంసంలో వాటా ఉండదు. అది అక్కడి పద్ధతి, ఎవరూ ప్రత్యేకంగా చెప్పేది కాదు. ఎక్కువసార్లు మామయ్యే అనేవారట.

"గొంతు పెద్దది గద ఆయనది. దొరకు జల్ది ఇనవడాలె."

ఒకసారి ఈయన వెంట పడి వెళ్ళారట, ఎనిమిదేళ్ళవాడు. దొర పక్కన పట్నం నుంచి వచ్చిన చుట్టాలున్నారు. గురి తప్పి జింక పారిపోయింది. మామయ్య చేతులు కట్టుకుని, నేనే కదిలిన దొరా అన్నారు. ఈయన అందరి ముందూ అరిచారట.

"నువ్వు కదల్లే గద నాయనా, నేను సూసిన, అన్నడు బిడ్డా. వాళ్ళ నాయన చెంప మీద ఒక్కటి గొట్టిండు. కొడుకును గొట్టుడు గదొక్కసారే."

అత్తమ్మ ఈనెలన్నీ కొంగులో వేసుకుని లేచి వెళ్ళింది.

ఆయనకి తెలియదు, తెలియదు అని రాసుకుంటూ వచ్చాను. తుపాకి పట్టుకున్నవాడు ఏమంటాడో, పక్కనున్నవాడు ఏమనాలో, ఆయనకి ఎనిమిదేళ్ళప్పుడే తెలుసు. చెయ్యి సంగతి తెలియదు, అంతే. ఆ ఒక్కటే తెలియదు. అలాగే అనుకుంటాను.

నవంబర్ 16

చివరికి దవాఖానాకి ఒప్పుకున్నారు. చిన్న స్క్రూ జారి మిషన్ లోపల పడితే దుర్గేష్ వచ్చి తీయాల్సి వచ్చిందట.

డాక్టరు వేళ్ళు ఒకదానికొకటి తట్టమన్నాడు, నడవమన్నాడు, ఒక వాక్యం రాయమన్నాడు. 'నేను ఉప్పల్‌లో పని చేస్తాను' అని రాశారు. అక్షరాలు పోనుపోను సన్నగిల్లి, చివరికి చీమల బారు అయ్యాయి. ఎప్పటి నుంచి ఇలా అని అడిగాడు డాక్టరు. ఈ వేసవి తర్వాత నుంచి అన్నాను నేను. నా మాట మీదే ఆయన మాట పడింది.

"రెండేండ్లయితుంది."

డాక్టరు ఆయన వైపే తిరిగాడు. నిలబడి కాల్చడం అందుకే మానేశానని చెప్పారు. ఏదైనా ఆనిక ఉంటే కొన్నాళ్ళు వణుకు ఆగేదట, తర్వాత అలా కూడా ఆగలేదట. ఏదో మిషన్ రిపేరు గురించి చెప్పినట్టు, ఒక వరుసలో చెప్పారు. నేను గోడ మీద మెదడు బొమ్మ చూస్తూ నిలబడ్డాను.

పార్కిన్సన్స్ అన్నాడు. మందులు జీవితాంతం.

ఆటో తార్నాక దాటింది. అప్పుడు, మందులు మన నాచారంల దొరుకుతయా అని అడిగారు. దొరుకుతాయన్నాను.

డిసెంబర్ 11

ఇప్పుడు కథ చెప్పడం మానేశారు. మొన్న దుర్గేష్ ఎవరినో తీసుకొచ్చి, అన్నా, గా ఆఫ్రికా ముచ్చట జెప్పు అంటే, ఇడ్శిపెట్టు అన్నారు.

నాకు కోపం ఉందా? ఉంది. తెలిసీ నా వైపు వేలు చూపించారు. కానీ తెలియదనుకుని నేను ఒప్పుకున్నదే ఎక్కువ తప్పేమో, ఆయన్ని పసివాడిని చేశాను. ఒక్కోసారి కోపం చాలా న్యాయంగా ఉంటుంది. మందు వేసుకోవడానికి గ్లాసు రెండు చేతులతో ఎత్తినప్పుడు అది ఎక్కడికి పోతుందో పోతుంది.

ఒక్క మాట కావాలి నాకు. అందరి ముందూ అక్కర్లేదు, వంటింట్లో చెప్పినా చాలు. నువ్వు కదల్లేదు, అని. అది నిజమని నాకే నమ్మకం తప్పుతోంది. తెలిసిన మనిషి ప్రపంచంలో ఆయన ఒక్కరే.

నేనుగా అడగను. అడిగి తీసుకుంటే మళ్ళీ అదీ ఒప్పించి చెప్పించినదే అవుతుంది.

2012 ఫిబ్రవరి 12, ఆదివారం

మేడారం జాతర నుంచి ఉప్పలయ్య చిన్నమామయ్య నేరుగా ఇక్కడికి వచ్చారు, బెల్లం ప్రసాదం తీసుకుని. మామయ్య తమ్ముడు. ఆయనా హాకాకి వెళ్ళినవారే. డెబ్భై ఏళ్ళలోనూ గొంతు వీధి చివరికి వినపడుతుంది.

మధ్యాహ్నం అందరం కూర్చుని తిన్నాం. తిన్నాక చిన్నమామయ్య వెనక్కి వాలి అడిగారు.

"ఏందిర ఉపేందర్, దేశం గాని దేశం పోయి శికారు జేసొచ్చినవంట. మా అన్న ఉంటె ఊరంత డప్పు గొట్టిస్తుండె. ఎట్లయ్యింది చెప్పు, ఇంటా."

ఈయన చెయ్యి జేబులో పెట్టుకోలేదు. కంచం పక్కన, అందరికీ కనపడేలా పెట్టారు. తలెత్తి నా వైపు చూశారు. దవాఖానా నుంచి వచ్చాక నా వైపు అలా చూడటం ఇదే మొదటిసారి.

"చిన్నాయనా," అన్నారు, "గా రోజు తార..."

ఆగారు. చెయ్యి మొదలైంది. కంచం అంచు బల్లకి తగిలి టకటకమంటోంది. చిన్నమామయ్య చూపు మెల్లగా ఆయన మొహం మీది నుంచి దిగి, ఆ చేతి మీదికి పోతోంది. ఆ చూపు అక్కడికి చేరడం నేను చూడలేకపోయాను. అంతే. ఇంకేమీ ఆలోచించలేదు.

"నేనే కదిలాను చిన్నమామయ్యా," అన్నాను నవ్వుతూ. "ముల్లు గుచ్చుకుంది."

చిన్నమామయ్య ఇల్లంతా కదిలేలా నవ్వారు. ఆడోళ్ళను తీస్కపోతె గంతేరా అన్నారు. నేనూ నవ్వుతూనే కంచాలు ఎత్తాను. ఈయన నోరు ఇంకా కొంచెం తెరుచుకునే ఉంది. తర్వాత మూసుకున్నారు. చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నారు.

అత్తమ్మ నా వెనకే వంటింట్లోకి వచ్చింది. కుళాయి కట్టేసింది.

"వాడు చెప్పెటోడు గద బిడ్డా," అంది. "జరసేపు ఆగకపోతివి."

ఫిబ్రవరి 13

చిన్నమామయ్యని ఉప్పల్‌లో హన్మకొండ బస్సు ఎక్కించడానికి ఇద్దరం వెళ్ళాం. బస్సు కదిలాక అక్కడే కాసేపు నిలబడ్డాం. జాతర జనం ఇంకా దిగుతున్నారు, నెత్తి మీద బెల్లం ముద్దలతో.

అడగననుకున్నాను. అడిగాను. నిన్న ఆ రోజు తార అని మొదలుపెట్టారు, ఏం చెప్పబోయారు అని.

రోడ్డు దాటడానికి వాహనాలు తగ్గేదాకా ఆగారు. తగ్గాయి. అయినా అడుగు వేయలేదు.

"ఏముంది చెప్పనీకి," అన్నారు. "నువ్వు చెప్పినవ్ గద."